ఎవరో వాయిదా వేసిన బిల్లు

మీకో సెడాన్ నచ్చింది. హోండా సిటీ అనుకుందాం, లేదా సియాజ్, లేదా వెర్నా. ఆరేడేళ్ల బండి. నిన్ననే వాటర్ సర్వీసింగ్ అయినట్టుంది, టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. తలుపు తీస్తే నిమ్మకాయ వాసన. “డాక్టర్ సాబ్ వాడిన బండి అన్నా, సింగిల్ హ్యాండ్, ఒక్క గీత లేదు” అంటున్నాడు మధ్యవర్తి. మీరు తలుపు వేసి చూశారు. బరువుగా మూసుకుంది. అంతే, మనసు పడిపోయింది. ఇంటికి ఫోన్ చేసి రంగు కూడా చెప్పేశారు.

నిజం చెప్పండి, ఇలాగే కొంటాం కదా? డాక్టర్లు వాడారని చెప్పే కార్లన్నీ లెక్కపెడితే మన తాండూరులో బండల లారీల కంటే డాక్టర్లే ఎక్కువ ఉండాలి.

తాండూరు వాళ్లకు వస్తువును చూసే కన్ను లేక కాదు. మార్కెట్‌లో కందులు కొనే వ్యాపారి గింజ పంటి కింద పెట్టి తేమ ఎంతో చెప్పేస్తాడు. పాలిషింగ్ యూనిట్‌లో పనివాడు బండను తట్టి, చప్పుడు విని పగులు పట్టేస్తాడు. అదే మనిషి ఏడు లక్షలు పెట్టి కారు కొనేటప్పుడు మాత్రం రంగు, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ చూసి వచ్చేస్తాడు. ఎందుకంటే కారులో ఏది కొరికి చూడాలో ఎవరూ చెప్పలేదు.

ఒక్క మాట పట్టుకోండి. “బండి బాగుందా?” అని అడిగితే లాభం లేదు. ఈ రోజు బాగానే ఉంటుంది, బాగున్నట్టు చేసే తెచ్చారు. అడగాల్సింది వేరే: పాత ఓనరు ఏ ఖర్చులు పెట్టకుండా ఆపాడు? అమ్ముదామని మనసులో అనుకున్న రోజు నుంచి బండి మీద ఎవరూ పైసా పెట్టరు. మీరైనా పెట్టరు, నేనైనా పెట్టను. క్లచ్ కొంచెం పైకి పట్టుకుంటోందా, “ఎలాగూ అమ్మేస్తున్నాం కదా”. టైర్లు అరిగాయా, “కొనేవాడు వేసుకుంటాడులే”. ఆ వాయిదా బిల్లులన్నీ ఆర్‌సీతో పాటు మీ పేరు మీదికి మారతాయి. వాటిని ముందే వెతికి, కూడి, ధరలోంచి తీసేయడమే ఈ అధ్యాయంలో నేర్చుకునే పని.

1. ముందు మీ తిరుగుడు లెక్క వేయండి

నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? ఊహించొద్దు, కాగితం మీద వేయండి. ఇంటి నుంచి షాపుకు నాలుగు కిలోమీటర్లు, నెలకు రెండుసార్లు హైదరాబాద్, పోనూ రానూ రెండు వందల పైచిలుకు. అంతా కలిపితే ఆరేడు వందలు. దీనికి డీజిల్ ఎందుకు?

“పిక్కప్ బాగుంటది” అంటారు. ఉంటుంది. కానీ 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో పరిగెత్తితేనే ఆ మసి కాలిపోతుంది. ఇందిరా చౌక్ నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఇంటికి తిప్పే బండిలో అది పేరుకుపోతుంది. ఊళ్లోనే తిరిగిన బీఎస్-6 డీజిల్ సెడాన్ మీటర్ మీద 30,000 కి.మీ. మాత్రమే ఉంటే సంతోషించకండి, అనుమానించండి.

2. కారు పేరుతో ఆగకండి, ఇంజన్ పేరు అడగండి

“సియాజ్ ఆపేశారు కదా, సామాను దొరుకుతుందా?” ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. 2014లో వచ్చిన సియాజ్‌ను మారుతి 2025లో ఆపేసిన మాట నిజమే. కానీ 2018 తర్వాతి సియాజ్‌లో ఉన్న 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజనే ఎర్టిగాలోనూ వచ్చింది. డీజిల్ సియాజ్‌లో ఉన్న 1.3 లీటర్ల ఫియట్ ఇంజన్ స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టాల్లో తిరిగి తిరిగి మెకానిక్కులందరి చేతుల్లో నలిగిపోయింది. ఇంజన్ సామానుకు భయం లేదు. హెడ్‌లైటు, బంపర్, డిక్కీ తలుపు లాంటివి మాత్రం సియాజ్‌వే కావాలి. అందుకే ఈ బండిలో ఇంజన్ కంటే బాడీని ఎక్కువ చూడండి.

హోండా సిటీ పెట్రోల్ ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ ఉంటుంది. వేళకు ఆయిల్ మార్చినంత కాలం పేచీ పెట్టదు. 2014, 2020 మోడళ్లు రెండూ బజారులో బాగానే దొరుకుతున్నాయి. ఆటోమేటిక్ అయితే మాత్రం సీవీటీ గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. “గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్ అన్నా, మార్చే పనే లేదు” అన్నారంటే ఎన్నడూ మార్చలేదని అర్థం. ఇంకొకటి: 2024 అక్టోబరులో హోండా ఇంధన పంపు లోపం వల్ల సిటీతో సహా 90 వేలకు పైగా కార్లను పిలిపించి ఉచితంగా పంపు మార్చే పని పెట్టుకుంది. మీరు చూస్తున్న బండికి ఆ పని అయిందో లేదో చాసీ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఎవరూ చూడరు. మీరు చూడండి.

వెంటో, రాపిడ్ తలుపుల బరువు చూసి మురిసిపోనివాడు లేడు. నేనూ మురిసినవాణ్నే. వాటి డీజిల్ ఇంజన్లలో చెయిన్ కాదు, టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ విప్పాల్సిందే. బెల్టు మార్చిన బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క వేసుకోండి. ఇక వాటిలోనే ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, పైగా పాత బండి, పైగా వారంటీ అయిపోయింది. నడుస్తుంటే వెన్నలా ఉంటుంది. అందులోని మెకట్రానిక్ యూనిట్ పోతే ఖర్చు లక్ష దాటొచ్చు. మన దగ్గర దాన్ని విప్పి చూడాలంటే హైదరాబాద్ దాకా తీసుకుపోవాలి. నన్నడిగితే తాండూరులో ఉండేవాళ్లకు ఆ బేరం వద్దు.

షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఈ బండ్లు చౌకగా వస్తాయి. మీ ఇంట్లోనే మెకానిక్ ఉంటే కొనండి.

పెట్రోల్ బండ్ల గురించి ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లు దానికి తగ్గ సామానుతో వచ్చాయి. అంతకు పాతవైతే పెట్రోల్ పైపులు, గ్యాస్కెట్ల దగ్గర చెమ్మ, వాసన ఉన్నాయేమో మెకానిక్ చేత చూపించండి.

3. మీటర్‌ను నమ్మకండి, టైర్లను అడగండి

మీటర్ తిప్పడం ఇప్పుడు పెద్ద విద్య కాదు. లాప్‌టాప్, ఒక వైరు, పావుగంట. మరి ఎలా పట్టుకోవాలి?

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. మామూలుగా టైర్లు 40, 50 వేల కిలోమీటర్లు వస్తాయి. మీటర్ 32,000 చూపిస్తోంది, బండి 2018ది, టైర్లేమో 2022వి. 32 వేలకే నాలుగు టైర్లూ ఎందుకు మార్చారు? ఈ ప్రశ్న అడిగి, జవాబు చెప్పేవాళ్ల ముఖం చూడండి. డిక్కీలోని స్టెప్నీ ముద్ర కూడా చూడండి, దాన్ని మార్చాలని ఎవరికీ గుర్తుండదు.

క్లచ్ పెడల్ మీది రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు కుడి అంచు, గేర్ రాడ్ పైన అంకెలు. ఇవన్నీ పాదం, అరచేయి, తొడ ఎన్నివేల సార్లు తగిలాయో చెబుతాయి. 40 వేల బండికి పెడల్ రబ్బరు నున్నగా అవదు. ఆ రబ్బరు కొత్తగా మెరుస్తుంటే ఇంకా అనుమానించాలి.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం షోరూం రికార్డు. ఓనరును వెంటపెట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, నంబరు చెప్పి పాత సర్వీసుల చిట్టా అడగండి. అందులో కిలోమీటర్ల కంటే ఖాళీలను చూడండి. 2019, 2020, 2021 వరుసగా సర్వీసు అయ్యి, తర్వాత రెండేళ్లు ఏమీ లేదంటే ఆ రెండేళ్లు బండి ఎక్కడుంది? బయట చేయించామంటారు. మంచిదే, బిల్లులేవి?

చిన్న ఊళ్లో ఉండటంలో ఒక లాభం ఉంది. మన జిల్లా నంబరు టీఎస్ 34 బండి అయితే అది ఎవరి ఇంటి ముందు ఆగేదో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. ఆ వీధిలోని పంచర్ షాపు దగ్గర చాయ్ తాగుతూ అడగండి: “ఫలానా తెల్ల వెర్నా అమ్ముతున్నరట, ఎట్లుంటది?” ఒక టీచర్‌కు ఇలాగే జవాబొచ్చింది. “మంచి బండే సార్. పోయిన ఎండాకాలంల రెండుసార్లు తాడు కట్టి గుంజుకచ్చిన్రు.” అంతకంటే మంచి సర్వీస్ రికార్డు ఏ షోరూం ఇస్తుంది?

ఆర్‌సీలో వాహన తరగతి కూడా చదవండి. హైదరాబాద్‌లో పసుపు నంబరు ప్లేటుతో క్యాబ్‌గా తిరిగి, తర్వాత తెల్ల ప్లేటుకు మారిన సెడాన్లు మన వైపు వస్తుంటాయి. వాటి వయసు సంవత్సరాల్లో లెక్కపెట్టొద్దు.

4. తెల్లవారగానే వెళ్లండి, ఫోన్ చేయకుండా

అందరూ చేసే తప్పు: సాయంత్రం వెళ్లడం. అప్పటికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది, వేడెక్కిన ఇంజన్ చాలా తప్పులు దాచేస్తుంది. ఎండ తగ్గాక గీతలు కూడా కనబడవు. ఉదయం ఆరింటికి వెళ్లండి. ముందు బానెట్ మీద అరచేయి పెట్టండి. వెచ్చగా ఉందా? మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారు. నవ్వి, “రేపొస్తా” అని వచ్చేయండి.

చల్లగా ఉంటే తాళం తిప్పండి, ఇంకా స్టార్ట్ చేయొద్దు. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలగాలి. ఇంజన్ దీపం, ఎయిర్‌బ్యాగ్ దీపం, ఏబీఎస్ దీపం. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపముందని అందరికీ తెలుసు. అసలు వెలగనే వెలగకపోతే? చాలామంది సంతోషిస్తారు. ఎవరో లోపాన్ని బాగుచేయకుండా దీపాన్నే చంపేశారు.

ఇప్పుడు స్టార్ట్ చేయించి మీరు వెనక నిలబడండి. తెల్లటి పొగ కొద్దిగా వచ్చి పోతే అది చలిలో మన నోటి నుంచి వచ్చే ఆవిరి లాంటిదే. ఆగకుండా తీపి వాసనతో వస్తుంటే కూలెంట్ మండుతోంది. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. నల్లపొగ అయితే ఇంధనం సరిగా కాలడం లేదు. తర్వాత ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయించండి. మూత దగ్గర పొగ బుసబుసమని పైకి తన్నితే మేస్త్రీలు “బ్యాక్ కంప్రెషన్ వస్తుంది” అంటారు. అంటే పిస్టన్ రింగులు అరిగాయి. మూత లోపల మజ్జిగలాంటి తెల్లటి జిగురు ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తుండొచ్చు. ఈ రెండింటిలో ఏది గట్టిగా కనిపించినా ధర గురించి మాట్లాడనే వద్దు. లేచి వచ్చేయండి.

వెయ్యి రూపాయల అటూఇటూగా బ్లూటూత్ స్కానర్ దొరుకుతుంది. స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్‌లో చూడొచ్చు. తప్పులేమీ చూపించకపోతే అక్కడితో ఆపకండి. కొత్తగా తప్పులు తుడిపేసిన బండిలో దాని సొంత పరీక్షలు పూర్తికాలేదని స్కానర్ చెబుతుంది. మళ్లీ కొంత తిరిగితే గాని అవి పూర్తికావు. అంటే నిన్నో మొన్నో ఎవరో ఏదో చెరిపేశారు. ఏం చెరిపారో వారం తర్వాత మళ్లీ చూస్తే తెలుస్తుంది. ఆ వారం ఆగే ఓపిక మీకుండాలి.

5. కూలెంట్ డబ్బా చూడండి: ఇది మన ఊరి రోగం

ఈ ఒక్కదాన్ని హైదరాబాద్ వాళ్లకంటే మనం ఎక్కువ చూడాలి. మన కాళ్ల కింద ఉన్నదంతా సున్నపురాయి. ఆ రాయి వల్లే తాండూరు బండలు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ రాయి వల్లే బోరునీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర. ఇంట్లో గీజర్ కాయిల్ ఎన్నిసార్లు మార్చారో గుర్తు చేసుకోండి.

ఇప్పుడు ఆలోచించండి. ఎండాకాలంలో బండి వేడెక్కింది. కూలెంట్ కొనడం ఎందుకని డ్రైవర్ ఒక బిందెడు బోరునీళ్లు పోశాడు. మళ్లీ వేడెక్కింది, మళ్లీ పోశాడు. రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, ఇంజన్ దారుల్లో అదే తెల్లటి పొర. అప్పటికి బండి నడుస్తూనే ఉంటుంది. మీరు కొన్న మరుసటి ఏప్రిల్‌లో, హైదరాబాద్ రోడ్డు మీద, ఇంటిల్లిపాదీ పెళ్లికి పోతుంటే ముల్లు ఎర్రగీత దాటుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

అందుకే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, వేడిగా ఉన్నప్పుడు పొరపాటున కూడా కాదు, కూలెంట్ మూత తీయించండి. లోపలి ద్రవం ఆకుపచ్చగానో, గులాబీగానో, నీలంగానో, రంగుతో స్వచ్ఛంగా ఉండాలి. నీళ్లలా తెల్లగా ఉంటే నీళ్లే పోశారు. తుప్పు రంగు ఉంటే చాన్నాళ్లుగా పోస్తున్నారు. మూత అంచున సున్నంలా తెల్లటి పొడి ఉంటే ఎక్కడి నీళ్లో మీకు చెప్పక్కర్లేదు. మన దగ్గర దొరికే సెడాన్లలో నేను మొదట చూసేది ఇదే. రంగు మీది గీతలు చివర.

6. దుమ్ము

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. బండల పొడి, సిమెంటు దుమ్ము, లారీలు తిన్న రోడ్లు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిపించండి. ఫిల్టర్ దాటి లోపలి వైపు కూడా తెల్లటి దుమ్ముంటే ఆ ఇంజన్ చాన్నాళ్లు రాతిపొడి పీల్చింది. ఆ దుమ్ము ఏసీనీ వదలదు. మధ్యాహ్నం ఒంటిగంటకు బండిని కదలకుండా నిలబెట్టి ఏసీ పది నిమిషాలు నడపండి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. తర్వాత ర్యాంపు ఎక్కించండి. సెడాన్ కింద భాగం నేలకు దగ్గర. ఐదుగురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ ఏదో ఒకటి రాసుకుంటుంది. ఆయిల్ సంప్ మీద సొట్టలు, వెల్డింగ్ ముక్కలు, సైలెన్సర్ మీద గీతలు, చిరిగిన రబ్బరు బూట్లు, ఆయిల్ కారిన షాకబ్జర్లు. రెండు వందల రూపాయల ర్యాంపు ఖర్చుకు వెనకాడి అరవై వేల పని నెత్తినేసుకున్నవాళ్లను చూశాను.

7. మునిగిందా, గుద్దుకుందా?

ఇక్కడ నా కథ చెప్పాలి. ఓ సెడాన్ హైదరాబాద్‌లో కొన్నాను. ధర బజారు కంటే డెబ్బై వేలు తక్కువ. అది నా తెలివి అనుకున్నాను. నాలుగు నెలలకు ఎడమవైపు కిటికీ అద్దం దిగి పైకి రాలేదు. మరో నెలకు ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరలేదు. ఎలక్ట్రీషియన్ కింది కార్పెట్ లేపి నన్ను పిలిచాడు. లోపల ఎండిన బురద, చెరువు అడుగులో పగిలినట్టు పెళ్లలు పెళ్లలుగా. “సార్, ఇది ఈత కొట్టిన బండి” అన్నాడు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌ను ముంచిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి సెల్లార్లలో మునిగిన కార్లన్నీ తుక్కు కాలేదు. 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ముంచినవీ అంతే. ఎక్కడో ఒకచోట నిమ్మకాయ వాసనతో నిలబడి ఉంటాయి.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. ఎంత కడిగినా లోపల చుట్టుకుని ఉన్న చివరి మూరెడు కడగరు. అక్కడ మట్టి గీత ఉంటే మునిగిన బండి. కార్పెట్ అంచు లేపండి, సీటు కింది ఇనుప పట్టాల తుప్పు చూడండి, స్టెప్నీ గుంత తడమండి, హెడ్‌లైట్ లోపల ఆవిరి మరకలు చూడండి. లోపల సెంటు వాసన మరీ గుప్పున కొడితే అద్దాలెత్తి పావుగంట ఎండలో ఉంచి, మళ్లీ తలుపు తీసి వాసన చూడండి.

గుద్దుకున్న బండికి ఆనవాళ్లు వేరు. బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద పెయింటు చెదిరిందా? తలుపు రబ్బరు లాగితే కనిపించే ఇనుప అంచులో కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరుసగా ఉండాలి. ఒకవైపు వరుసగా, మరోవైపు చేత్తో పుట్టీ రాసినట్టుంటే ఆ వైపు కొత్తగా కట్టారు. బంపర్ గీత, తలుపు సొట్ట నేరాలు కావు. మన రోడ్ల మీద అవి లేని కారుంటే అదే అనుమానం. పిల్లర్, చాసీ, ముందు అప్రాన్ వంగి సరిచేశారంటే మాత్రం వద్దు.

ఇన్సూరెన్స్ పాలసీ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతముందో చూడండి. ఐదేళ్లు వరుసగా క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. “ఒక్క గీత లేదన్నా” అన్న ఆరేళ్ల బండికి, ఒకే ఓనరు పేర, బోనస్ సున్నా అని ఉంటే ఆ గీత ఎక్కడ పడిందో అడగాలి కదా?

8. అనంతగిరి ఎక్కించండి

కాలనీలో రెండు చక్కర్లు కొట్టి “బాగుంది” అనేయడం రెండో పెద్ద తప్పు. మనకు దేవుడిచ్చిన టెస్టింగ్ ట్రాక్ ఉంది. తాండూరు నుంచి ధారూరు మీదుగా వికారాబాద్ వెళ్లే రోడ్డు. గుంతలు, చదును, చివర్లో అనంతగిరి ఘాట్. పెట్రోల్ మీరే పోయిస్తామనండి, ఎవరూ కాదనరు. కాదన్నారంటే అదీ ఒక జవాబే.

గుంతల మీద మ్యూజిక్ ఆపి, అద్దాలు దించి వినండి. ముందు చక్రాల దగ్గర టకటకమంటే లింక్ రాడ్లు, బుష్‌లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించినప్పుడు కటకటమంటే యాక్సిల్ జాయింట్లు. చదును రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో పోతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ వేసే ఉంచండి. పైకెక్కాక ఐదు నిమిషాలు ఇంజన్ ఆపకుండా నిలబెట్టి ఉష్ణోగ్రత చూడండి. కొన్ని బండ్లలో ముల్లుండదు, దీపమే ఉంటుంది, అప్పుడు ఆ బ్లూటూత్ స్కానరే అంకె చూపిస్తుంది. కూలెంట్ పాఠం గుర్తుందా? బోరునీళ్లు తాగిన బండి ఇక్కడే బయటపడుతుంది. దిగేటప్పుడు బ్రేకు వేయగానే స్టీరింగ్ వణికితే డిస్కులు, ఒకవైపు లాగితే ఇంకేదో.

9. కూడండి, తర్వాతే బేరం

ఇప్పుడు మీ చేతిలో ఒక కాగితం ఉండాలి. ఒక ఉదాహరణ. ఓ కంది వ్యాపారి 2018 మోడల్ పెట్రోల్ సెడాన్ చూశాడు, చెప్పిన ధర ఆరు లక్షలు. మెకానిక్‌తో కూర్చుని రాసుకున్నాడు: టైర్లు నాలుగు 26,000, క్లచ్ సెట్టు కూలితో 16,000, ముందు సస్పెన్షన్ 14,000, బ్యాటరీ 6,000, ఆయిళ్లు, కూలెంట్, ఫిల్టర్లు 9,000. మొత్తం 71,000. ఆ కాగితం అమ్మే ఆయన ముందు పెట్టాడు. గొంతు పెంచలేదు, బండిని తిట్టలేదు. “ఇవి నేను పెట్టాల్సినవే గదా అన్నా, మీరే చూడున్రి” అన్నాడు. 5.40కి తెగింది. మొత్తం దిగలేదు, అయినా మంచి బేరమే. ఎందుకంటే మిగిలిన 11,000 ఎక్కడ పోతుందో అతనికి ముందే తెలుసు.

ధర గురించి ఇంకో విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కార్ల మీద జీఎస్‌టీ తగ్గింది. సిటీ, వెర్నా లాంటి 1500 సీసీ లోపు సెడాన్ల మీద సెస్సుతో కలిపి 45 శాతం ఉన్న పన్ను 40కి దిగింది. కొత్తది దిగితే పాతది దిగాలి. అంతకుముందు ధరలు చూసి చెప్పేవాళ్లకు ఇది గుర్తు చేయండి.

చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టకండి. ధరలో దాదాపు పదో వంతు పక్కన ఉంచుకోండి. ఆరు లక్షలుంటే ఐదున్నర బండి చూడండి. మొదటి ఏడాది ఆ యాభై వేలు అడక్కపోతే పండక్కి వాడుకోండి.

10. కాగితాలు

ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. బకాయి చలాన్లు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టి చూడండి, డబ్బులిచ్చాక కాదు, ఇవ్వకముందు. గుల్బర్గా వైపు నుంచి కేఏ 32 బండి చౌకగా వస్తోందా? అక్కడి ఆర్‌టీవో ఎన్ఓసీ తేవాలి, బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. రెండూ కలిపాక కూడా చౌకగా ఉంటేనే చౌక. ఢిల్లీ నుంచి వచ్చే పాత డీజిల్ కార్లకూ ఇదే లెక్క.

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. బండి ఇంటికొచ్చింది, పూజ అయింది, నిమ్మకాయలు తొక్కించారు. పేరు మార్పు “వచ్చే నెల చూద్దాం”. కొన్న 30 రోజుల్లోగా ఆర్‌సీ మార్పుకు దరఖాస్తు చేయాలని చట్టం. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లో అడగాలి. అది మారకముందు మీ బండికి దెబ్బ తగిలితే పాలసీ ఉన్నా మీకు డబ్బు రాకపోవచ్చు, ఎందుకంటే కాగితం మీద ఆ బండి ఇంకా డాక్టర్ సాబ్‌దే. పాత ఓనరు వాయిదా వేసిన బిల్లులు మీరు ఎలాగూ కడుతున్నారు. ఈ ఒక్క పని మాత్రం మీరు వాయిదా వేయకండి, ఈ వారమే వికారాబాద్ రవాణా కార్యాలయానికి వెళ్లి రండి.